‘తిన్నవా?’ అని అడిగే ఊళ్లో ప్రేమ నవల రాయడం ఎలా

మా అమ్మ, నాన్న 40 ఏళ్లు కాపురం చేశారు. ‘ప్రేమిస్తున్నా’ అనే మాట వాళ్ల నోట ఒక్కసారి కూడా వినలేదు నేను. విన్నవల్లా ‘తిన్నవా?’, ‘గొడుగు తీస్కపో’, ‘గోలీ ఏసుకున్నవా?’ లాంటివే. అందుకే ప్రేమ నవల రాద్దామని కూర్చున్న కొత్తలో చాలా టెన్షన్ పడ్డాను. ప్రేమ మాటలు వినకుండా పెరిగినదాన్ని, ఎక్కడి నుంచి తెచ్చి రాయాలి? సినిమాల్లోంచి తెచ్చుకున్నాను. అట్లా రాసిన మొదటి రెండు నవలలు ఇప్పుడు చదివితే ఎవరో పరాయివాళ్లు రాసినట్టు ఉంటాయి. మూడోది సగంలో ఉండగా నాన్నకు జ్వరం వచ్చింది. అమ్మ మంచం పక్కన కూర్చొని బత్తాయి ఒలుస్తోంది. తొనల మీది పొర తీసి, గింజలు తీసి, ఒక్కో తొన ఆయన అరచేతిలో పెడుతోంది. ‘తిను’ అంటోంది, అంతే. ఆ రాత్రి అప్పటిదాకా రాసినదంతా పక్కన పడేసి మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

మన వైపు ప్రేమ పనిలో కనిపిస్తుంది, మాటలో దాక్కుంటుంది. ఉత్తర తెలంగాణలో ఉండి ప్రేమ నవల రాయాలనుకుంటున్న మీరు ముందు ఈ దాక్కున్నదాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. నేను ఎట్లా నేర్చుకున్నానో, ఏ వరసలో పని చేస్తానో చెప్తాను.

మొదట కాజీపేట స్టేషన్‌కు వెళ్లండి

నిజంగానే వెళ్లండి. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, చేతిలో పడే చిన్న నోట్‌బుక్ ఒకటి పట్టుకుని, రెండు గంటలు బెంచీ మీద కూర్చోండి. ఢిల్లీ నుంచి చెన్నై పోయే లైను, సికింద్రాబాద్ లైను కలిసే జంక్షన్ అది. పట్నంలో చదువుకునే పిల్లలు, మిలిటరీ సెలవు అయిపోయి తిరిగి పోయేవాళ్లు, బొగ్గు గనుల ఊళ్లకు పోయేవాళ్లు, గల్ఫ్ విమానం ఎక్కడానికి బయలుదేరినవాళ్లు, అందరూ అక్కడ కనిపిస్తారు. వీడ్కోలు దగ్గర మనిషి ఎక్కువసేపు దాచలేడు.

నేను చూసిన ఒక జంట గురించి చెప్తాను. ఇద్దరికీ 70 దాటి ఉంటాయి. ఆమె ఒక్కతే కూతురి దగ్గరికి పోతోంది. ఆయన కిటికీ బయట నిలబడి, లోపల కూర్చున్న ఆమెకు కవరు అందించాడు. కవర్లో సర్వపిండి, పేపర్లో చుట్టి, నూనె మరక పైకి కనిపిస్తోంది. అంటే పొద్దున ఆయనే పొయ్యి దగ్గర నిలబడి ఉండాలి. ‘టికెట్ పైలం’ అన్నాడు. ఆమె, ‘గోలీలు డబ్బల పెట్టిన. పొద్దటియి ఎర్ర మూత, రాత్రియి తెల్ల మూత’ అంది. అంతే. బండి కదిలాక ఆయన కొంత దూరం నడిచి, ఆగి, ఆ పెట్టె కనిపించకుండా పోయేదాకా నిలబడ్డాడు. నేను నోట్‌బుక్‌లో ‘ఎర్ర మూత, తెల్ల మూత’ అని రాసుకున్నాను. దాని మీద ఒక నవల నిలబడింది.

ఇట్లా చూసినప్పుడల్లా మూడు సంగతులు రాసుకోండి: చేతిలో ఉన్న వస్తువు, నోట వచ్చిన మాట, వచ్చినట్టే వచ్చి ఆగిన మాట. మూడోది మీ ఊహే అనుకోండి, అయినా రాయండి. కథ దాంట్లోంచే మొలుస్తుంది. ఆయన ‘జల్ది రా’ అనబోయి ‘టికెట్ పైలం’ అన్నాడని నాకు అనిపించింది. అనిపించింది కాబట్టే రాయగలిగాను.

స్టేషన్ ఒక్కటే కాదు. ఎంజీఎం ఆస్పత్రి వరండాలు, హనుమకొండ చౌరస్తాలో రాత్రి చివరి బస్సుల టైం, కాకతీయ యూనివర్సిటీ చెట్ల కింద పరీక్షల ముందు రోజులు, అన్నీ పనికొస్తాయి. ముసలివాళ్ల దగ్గర కూర్చోవడం మాత్రం మానకండి. 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు ఇప్పుడు లేదు గానీ, దాంట్లో పనిచేసినవాళ్ల ఇండ్లల్లో ఆ మిల్లు ఇంకా నడుస్తూనే ఉంది. మా వాడలో ఒక అవ్వ తన పెనిమిటి గురించి చెప్పమంటే పెద్దగా ఏమీ చెప్పలేదు. ‘డూటీ దిగి వస్తే నెత్తి నిండ దూది పొట్టు. అరుగు మీద కూసోబెట్టి ఏరేదాన్ని’ అంది. ఎంతసేపు ఏరేదానివి అవ్వా అంటే, ‘పొట్టు అయిపోయినంక గూడ’ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతకంటే మంచి ప్రేమ వాక్యం నేను ఇప్పటికీ రాయలేదు.

ఒక హెచ్చరిక. విన్నది విన్నట్టు దింపేయకండి. నేనోసారి పక్కింటి వదిన చెప్పిన సంగతిని పేర్లు మాత్రం మార్చి రాశాను. ఆమె చదివి గుర్తుపట్టింది. మూడు నెలలు నాతో మాట్లాడలేదు, తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు ఊరు, వృత్తి, కుటుంబం అన్నీ మార్చి, నన్ను తాకిన ఆ ఒక్క చిన్న వస్తువునే ఉంచుకుంటాను. అవ్వ సంగతి కూడా ఆమెను అడిగి, సరే అన్నాకే వాడుకున్నాను.

ఇద్దరికీ చేతినిండా పని ఇవ్వండి

హీరో ‘బిజినెస్’ చేస్తాడు, హీరోయిన్ ‘జాబ్’ చేస్తుంది అంటే చాలదు. వాళ్లు పొద్దున లేచి ఏం పట్టుకుంటారు, సాయంత్రానికి చేతులకు ఏ వాసన ఉంటుంది, ఇది మీకు తెలియాలి. తెలియకపోతే వెళ్లి చూడండి. కొత్తవాడలో దర్రీలు నేసే మగ్గం పక్కన ఒక పూట కూర్చోండి. సిరిసిల్ల పవర్‌లూమ్ చప్పుడులో ఇద్దరు మనుషులు ఎట్లా మాట్లాడుకుంటారో గమనించండి. గోదావరిఖనిలో భర్తది రాత్రి షిఫ్టు, భార్యది పగటి బడి ఉద్యోగం అయితే వాళ్లు ఒకరి ముఖం ఒకరు ఎప్పుడు చూసుకుంటారు? ఈ ప్రశ్నకు జవాబు రాస్తూ పోతే సగం నవల అయిపోతుంది.

నా మొదటి నవలలో ఇట్లాంటి వాక్యం ఉంది: ‘ఆమెను చూడగానే అతని గుండె ఝల్లుమంది. ఆ కలువ కళ్లలో తనను తాను మరిచిపోయాడు.’ ఇద్దరూ ఎవరో, ఎక్కడున్నారో తెలియదు. ఇదే కలయికను తర్వాత ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లి రాశాను. ఆమె తండ్రితో మిర్చి బస్తాలు తెచ్చిన అమ్మాయి. అతను కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి.

‘యార్డంతా ఘాటు. బస్తా కాంటా మీదికి ఎక్కేలోపు అతను మెడలో తువ్వాల తీసి, సీసాలో నీళ్లతో తడిపి, ఆమె వైపు చూడకుండానే చాచాడు. “మొఖానికి కట్టుకో. ఇయ్యాల తేజ ఎక్కువొచ్చింది.” కట్టుకుంది. మరునాడు మిగిలిన బస్తాలతో వచ్చినప్పుడు తువ్వాల ఉతికి, మడతపెట్టి తెచ్చింది. “ఇయ్యాల గూడ తేజనేనా?” అంది.’

కళ్లు కలువల్లా ఉన్నాయో లేదో ఇక్కడ ఎవరూ అడగరు. తడి తువ్వాల చాలు. తేజ రకం మిర్చి ఘాటు సంగతి తెలియకపోతే నేను ఈ నాలుగు వాక్యాలు రాయలేకపోయేదాన్ని. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సరుకు బాగా వచ్చే రోజు చూసి యార్డులో నిలబడితే తెలుస్తుంది. నేను తుమ్ముతూ, దగ్గుతూ మూడు రోజులు నిలబడ్డాను.

ఇద్దరి మధ్య ఏముందో తేల్చుకోండి

అడ్డు లేని ప్రేమ బతుకులో మంచిదే, నవలలో మూడో అధ్యాయం దాటదు. విలన్‌ను తెచ్చిపెట్టాల్సిన పని లేదు. కులం ఉంది, భూమి ఉంది, కట్నం ఉంది, దుబాయి ఉంది. ఒకప్పుడు గల్ఫ్‌లో ఉన్న మనిషికి భార్య తన మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవు మీద వచ్చి తిరిగిపోయేవాళ్ల చేతికి ఇచ్చేది. చుట్టూ అత్తామామలు, ఆడబిడ్డలు కూర్చొని ఉండగా ఆ క్యాసెట్‌లో ఏం చెప్పగలదు? ఇప్పుడు వీడియో కాల్ వచ్చింది. అత్తగారు అదే గదిలో ఉంటే కష్టం అదే.

కులాంతర ప్రేమ రాస్తుంటే చట్టం ఎట్లా నడుస్తుందో తెలుసుకుని రాయండి. చాలా నవలల్లో ప్రేమికులు పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి మధ్యాహ్నానికి దండలతో బయటికి వస్తారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే అట్లా కుదరదు. ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. నోటీసును ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు, 30 రోజుల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వయసు చాలకపోవడం, అప్పటికే పెళ్లయి ఉండడం లాంటి చట్టం చెప్పిన కారణాలు ఉండాలి. ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోవడం కారణం కాదు. కథ రాసేవాళ్లు ఆ గోడ మీది కాగితాన్ని బాగా చూడాలి. ఇద్దరి పేర్లు అక్కడ ఉంటాయి. బంధువుల్లో ఎవరైనా వేరే పని మీద ఆ ఆఫీసుకు రావచ్చు. ఆ 30 రోజుల్లో ప్రతి పొద్దూ ఒక అధ్యాయమే.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. 2008 డిసెంబరులో మా వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ చదివే ఆడపిల్లల మీద యాసిడ్ పోశారు. వాళ్లలో ఒకమ్మాయి చనిపోయింది. ఆ రోజుల్లో ఈ ఊళ్లో ఆడపిల్లలున్న ప్రతి ఇల్లూ వణికింది. ఆ ఊళ్లో కూర్చొని, ‘వద్దు’ అన్న అమ్మాయి వెంట ఆరు నెలలు తిరిగి చివరికి ఒప్పించిన హీరోను నేను రాయలేను. మీరూ రాయకండి. ఆమె వద్దంటే అతను ఆగాలి, ఆ ఆగడంలో అతని మంచితనం కనిపించాలి. నా అనుభవంలో ఆడ పాఠకులు ఎక్కువగా ప్రేమించేది వెనక్కి తగ్గడం తెలిసిన హీరోనే.

నవలను బతుకమ్మలా పేర్చండి

కథ ఎట్లా అల్లాలి అని అడిగితే నేను బతుకమ్మనే చూపిస్తాను. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, కింద వెడల్పుగా మొదలుపెట్టి, గునుగు, తంగేడు, బంతి ఒక్కో వరస పేర్చుకుంటూ పైకి పోతాం. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, చివరన పసుపు గౌరమ్మ. నవల కూడా కింద వెడల్పు ఉండాలి. ఇల్లు, వాడ, అమ్మానాన్నలు, స్నేహితులు, అప్పులు అన్నీ మొదటి వరసల్లో రావాలి. పోనుపోను మనుషులు తగ్గాలి. చివరికి ఇద్దరే మిగలాలి. చాలామంది తిరగేసి పేరుస్తారు. మొదటి పేజీలోనే ఇద్దరినీ కలిపేసి, తర్వాత పేజీలు నింపడానికి అత్తలను, బావలను దించుతారు. అది నిలబడదు.

తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. నా ప్రతి నవలలో మూడింట రెండు వంతులు అయ్యాక అట్లాంటి రోజు ఒకటి ఉంటుంది. పెద్ద గొడవ అక్కర్లేదు. ఆమె మాట్లాడదు, అతను ఫోన్ చేయడు, ఇంట్లో పనులు మాత్రం నడుస్తుంటాయి. ఆ అధ్యాయం తొందరగా దాటేయకండి. అలక తీరడం ఎంత ఆలస్యమైతే ఎనిమిదో రోజు వెన్నముద్దలు, తొమ్మిదో రోజు సద్దులు అంత రుచిగా ఉంటాయి.

స్థలాల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రామప్ప, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు రాయాలని అందరికీ ఉంటుంది. రాయండి. కానీ రామప్ప గుడిని 1213లో కట్టారని, ఇటుకలు నీళ్లలో తేలతాయని హీరో హీరోయిన్‌కు చెప్పొద్దు, ఆ పని గైడ్‌లు చేస్తారు. ఇద్దరూ చెప్పులు ఎక్కడ విడిచారు, తిరిగి వచ్చేసరికి ఆమె చెప్పులు ఎండకు కాలుతుంటే అతను ఏం చేశాడు, అది రాయండి.

యాసను హీరోయిన్ నోట పెట్టండి

ఇన్నేళ్లూ మన యాస చాలా నవలల్లో పనిమనిషి నోట, రౌడీ నోట, నవ్వించేవాడి నోట మాత్రమే వచ్చింది. డాక్టరమ్మ, లెక్చరర్, హీరో మాత్రం పుస్తకంలా మాట్లాడేవారు. ‘బడి పలుకుల భాష’ కంటే ‘పలుకుబడుల భాష’ కావాలన్న కాళోజీ తిరిగిన నేల ఇది. ఆయన పుట్టిన రోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మీ హీరోయిన్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్నా సరే, ఇంటికి ఫోన్ చేస్తే ‘అమ్మా, ఏం వండినవే?’ అనే అడుగుతుంది. అట్లాగే రాయండి.

నేను పాటించే పద్ధతి సులువైనదే. కథనం మామూలు రాత భాషలో, సంభాషణ మనిషిని బట్టి. ప్రతి పాత్రకూ ఒక పేజీ పెట్టి, ఆ మనిషి ‘పోతున్న’ అంటుందా, ‘వోతున్న’ అంటుందా, ఆఫీసులో ఎట్లా, అమ్మతో ఎట్లా అని ముందే రాసుకుంటాను. మొదటి అధ్యాయంలో ఒక రకంగా, పదో అధ్యాయంలో ఇంకో రకంగా ఉంటే చదివేవాళ్లు వెంటనే పట్టుకుంటారు. కోపం వచ్చినప్పుడు, ప్రేమ ముదిరినప్పుడు మనిషి పుట్టింటి యాసలోకి జారిపోతాడు. అంతసేపూ ‘మీరు’ అన్నామె ఒక్కసారి ‘నువ్వు’ అంటే, ఆ పేజీలో ఇంకేం జరగకపోయినా పర్వాలేదు.

రోజూ రాయడం

నల్లా రాకముందు రాస్తాను. మా వాడలో నీళ్లు ఆరింటికి వస్తాయి. నాలుగున్నరకు లేస్తే గంటన్నర నాది. రోజుకు 500 మాటలు. 120 రోజులకు 60,000 మాటలు, అంటే నవల మొదటి రాత పూర్తయినట్టే. ఎక్కువ వచ్చిన రోజు కూడా అక్కడే ఆపేస్తాను, రేపటి మొదటి వాక్యం మనసులో ఉంచుకుని. యాప్‌లలో సీరియల్‌గా పెట్టాలనుకుంటే కనీసం పది భాగాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే చాలు, వారం పోతుంది.

కలం కదలని రోజులు వస్తాయి. అప్పుడు నేను హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని తలుచుకుంటాను. నిజాం కాలంలో తెలుగు చదువుకోవడమే కష్టమైన రోజుల్లో మనవాళ్లు పుస్తకాల కోసం పడ్డ శ్రమ గుర్తొస్తే బద్ధకం పోతుంది. తర్వాత గాథాసప్తశతి అనువాదం తీసి నాలుగు గాథలు చదువుతాను. శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న 700 ప్రాకృత గాథలు అవి. రాజుల ప్రేమల కంటే పల్లె మనుషులే దాంట్లో ఎక్కువ: పొలం పనులు, బాటసారులు, దూరం పోయిన భర్తలు. తొలి శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల మన జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున ఉంది. దూరం పోయిన మగని కోసం ఎదురుచూసే ఆడమనిషి గాథ చదివి జగిత్యాల బస్టాండుకు పోతే, ఆమె అక్కడే కూర్చొని ఉంటుంది.

క్యాలెండర్ చూసి రాయండి

నా నవలలో ఇద్దరినీ మేడారం సమ్మక్క-సారలమ్మల పెద్ద జాతరలో 2017లో కలిపాను. పెద్ద జాతర రెండేళ్లకోసారి, 2016, 2018, 2020 ఇట్లా వస్తుంది. ములుగు నుంచి ఒక పాఠకురాలు ఫోన్ చేసి, ‘అమ్మా, ఆ యేడు తల్లులు గద్దెకు రాలేదు గదా’ అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తంగేడు ఎప్పుడు పూస్తుందో, పత్తి ఎప్పుడు ఏరుతారో, పరీక్షలు ఏ నెలలో అవుతాయో, అన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

సంతకం పెట్టేముందు

నా రెండో నవలను ఒక ప్రచురణకర్తకు ఇచ్చినప్పుడు ‘సర్వహక్కులు’ అని ఉన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. తర్వాత అది ఆడియోగా వచ్చింది. నాకు చెప్పలేదు, రూపాయి ఇవ్వలేదు. వారం రోజులు అన్నం సహించలేదు. మీకు అట్లా కావద్దు.

రాసిన క్షణం నుంచే కాపీరైటు మీది, రిజిస్టర్ చేయించకపోయినా. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అది ఉంటుంది. హక్కులు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ హక్కులు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీ అని అడిగి రాయించుకోండి. ఎన్నాళ్లో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అచ్చు, ఈ-బుక్, ఆడియో, సినిమా, అనువాదం, దేనికది వేరే లైను. సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి ఎవరికీ డబ్బు కట్టకండి.

చివరగా, ఎవరికైనా చదివి వినిపించండి

మొదటి రాత అయ్యాక నెల రోజులు బీరువాలో పెట్టేస్తాను. తర్వాత మా మరదలికి చదివి వినిపిస్తాను. ఆమెకు సాహిత్యం గురించి మాట్లాడడం ఇష్టం ఉండదు. బాగుందా అని అడిగితే ‘మంచిగనే ఉంది వదినా’ అంటుంది, దాంతో ఏమీ తెలియదు. అందుకే అడగడం మానేశాను. వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు తెస్తాం. ఆమె గింజలు తీస్తూ కూర్చుంటుంది, నేను ఎదురుగా కూర్చొని చదువుతాను. చదువుతూ ఆమె చేతుల వైపే చూస్తాను. గింజ తీసే చేయి ఆగిన చోట పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెడతాను. గీతలు లేకుండా పది పేజీలు దాటితే ఆ పది పేజీలు మళ్లీ రాయాల్సిందే. కిందటి నవలకు పదకొండు గీతలు పడ్డాయి. తువ్వాల మడతపెట్టి తెచ్చిన చోట చేయి ఆగి, చాలాసేపు కదల్లేదు. చింతపండు అట్లాగే ఒళ్లో ఉంది. ‘చదువు వదినా, ఎందుకు ఆపినవ్?’ అంది.